పొలుసు మబ్బు కట్టిన పొద్దు

గవ్వలపాలెం,
ఐ.పోలవరం మండలం,
ఫిబ్రవరి 9.

అన్నయ్యకు,

ఫోన్లున్న రోజుల్లో ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తోంది. నేను ఏడవగానే నువ్వు "సరేనమ్మా, పనికి పిలుస్తున్నారు" అని పెట్టేస్తున్నావు. మూడుసార్లూ అంతే అయింది. కాగితం మీద ఏడిస్తే నీకు వినపడదు. అందుకని నిన్ను గల్ఫ్ పంపిన ప్రభాకరరావుగారి గుమస్తాని అడిగి నీ అడ్రసు రాయించుకున్నాను.

నువ్వు గల్ఫ్ వెళ్లి నెల దాటింది. మీ బావ పోయి రేపు పద్నాలుగుకి మూడు నెలలు. పాలెంలో అందరూ మళ్లీ వేటకు వెళ్తున్నారు. మునిగిన తన బోటు బదులు ప్రభాకరరావుగారు కొత్త బోటు కూడా దింపారు. మీ బావతోపాటు పోయిన బాబ్జీ, రాజేంద్ర అన్నదమ్ములిద్దరి ఫొటోలకూ ఒకే దండ వేసి గోడకు పెట్టారు. కుమారస్వామి బాబాయి ఒక్కడే కదా బతికి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. విరిగిన తుంటికి కాకినాడలో రెండోసారి ఆపరేషన్ చేశారట. ఇంకా అక్కడే కూతురింట్లో ఉన్నాడు.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను. ఆ రోజు పొద్దున మీ బావ తలకు తువ్వాలు చుట్టుకుంటూ పెరట్లోకి వచ్చి, "ఏటే, ఎలాగుంది పైన?" అని అడిగారు. అలా అడగకుండా ఆయన ఏనాడూ బోటు ఎక్కలేదని నీకు తెలుసు. తెల్లగా, చిన్నగా, వరసలు వరసలుగా ఉంది ఆకాశం. దానం మాస్టారు మనకు తొమ్మిదో తరగతిలో చూపించిన చేపపొలుసు మబ్బు. "పొలుసు మబ్బేనండీ. గాలి తిరిగితే రేపు తిరుగుద్ది. ఇయ్యాల్టికి పరవాలేదు" అన్నాను. "అయితే వెళ్లొచ్చేస్తాను" అన్నారు. పది గంటలకు గాలివాన వచ్చింది.

ఎండుచేపల దిబ్బ మీద ముప్ఫై మంది ఆడవాళ్లం. పొద్దున్నే ఎవరో ఒకరు "దుర్గమ్మా, ఇయ్యాల నెత్తళ్లు ఆరబెట్టొచ్చా?" అని అడిగేవారు. పైకి చూసి చెప్పేదాన్ని. పల్చటి ఈక మబ్బయితే రెండు రోజులు పరవాలేదని, దూది మబ్బులు మధ్యాహ్నానికి ఎత్తు పెరుగుతుంటే మూడింటికల్లా ఎత్తేయమని. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. నేను వెళ్తే మాటలు ఆపేస్తున్నారు.

అత్తమ్మ నన్ను ఎదురుగా ఒక్క మాట అనలేదు. మొన్న గోడ అవతలావిడతో మాత్రం, "దీని కన్ను నమ్ముకుని వెళ్లేడమ్మా నా కొడుకు" అంది. నేను ఇవతల గిన్నెలు తోముతున్నాను.

నువ్వుంటే బాగుండేది. అక్కడి ఆకాశం ఎలా ఉంటుందో రాయి.

నీ చెల్లి,
దుర్గ


సలాలా, ఒమాన్,
మార్చి 12.

చెల్లెమ్మ దుర్గకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. ఇక్కడ నాకు కొబ్బరితోటలో పని. నమ్ముతావా? సముద్రం దాటి వచ్చింది మళ్లీ కొబ్బరిచెట్ల కిందికే. ప్రభాకరరావుగారి తమ్ముడే ఈ తోటకు మేనేజరు. మంచివాడు. గదిలో నలుగురం. ఒకతను రాజోలు, ఇద్దరు కేరళ.

ఆకాశం అడిగావు. ఏమీ లేదమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం వరకూ తుడిచిన పళ్లెంలా ఉంటుంది. వానాకాలం జూన్ ఆఖరుకు వస్తుందట. అప్పుడు కొండల మీద మబ్బు నేలమట్టానికి దిగుతుందని చెబుతున్నారు.

నువ్వు మనసు కష్టపెట్టుకోకు. తప్పు వేరు, పొరపాటు వేరు. నువ్వు చేసింది పొరపాటే. నీకు పొలుసు మబ్బు దగ్గర మొదటినుంచీ తడబాటే కదా. గుర్తుందా, నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు పైన ఇదే మబ్బుంటే "వాన రాదన్నయ్యా" అన్నావు. మురమళ్ల దాటేసరికి ఇద్దరం పుస్తకాలతో సహా తడిసిపోయాం. నాన్న నన్ను కొట్టాడు. చిన్న పిల్లవి కాబట్టి నిన్ను వదిలేశాడు. మబ్బు పెద్దపెద్దవాళ్లనే మోసం చేస్తుంది. బావకు ఆయుష్షు అంతే అనుకోవాలి.

నా వంతు నేను చేశాను. పాలెంలో హెచ్చరికలు మైకులో చెప్పే పని నాది. మత్స్యశాఖ ఆఫీసు నుంచి నా ఫోన్‌కు కబురు వచ్చింది పొద్దున తొమ్మిదికి. వచ్చిన మరుక్షణం పరిగెత్తాను. అప్పటికే వాళ్లు వెళ్లిపోయారు. ఆ సంగతి తలచుకుంటే నాకూ అన్నం దిగదు.

ప్రభాకరరావుగారి దగ్గరకు ఎవరైనా గొడవకు వెళ్దామంటే నువ్వు కలవకు. ఆయన మనకు చేసింది తక్కువేం కాదు. అత్తగారిని జాగ్రత్తగా చూసుకో.

నీ అన్నయ్య,
సతీష్


గవ్వలపాలెం,
మే 6.

ప్రియమైన అన్నయ్యకు,

మురమళ్ల వాన సంగతి ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు. కానీ నువ్వు చెప్పావంటే జరిగే ఉంటుంది. అది చదివినప్పటినుంచి పైకి చూడటం మానేశాను. ఎండ కోసమూ చూడను. నేల చూసుకుని నడుస్తున్నాను.

ఇప్పుడు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డు మీదే. గోదావరి పాయలో పట్టిన చిన్న రొయ్యలు తెచ్చి ఆరబెట్టుకుంటున్నాం. పోయిన మంగళవారం ఏం జరిగిందో చెబుతాను. మధ్యాహ్నం రెండు దాటింది. చూడకూడదనుకుంటూనే పడమటకు చూశాను. ఒక మబ్బు లేచింది అన్నయ్యా. అడుగు కాటుకలా నలుపు, పైన కాలీఫ్లవర్ పువ్వులా పొంగుతూ, ఇంకా పైన తల చదునుగా పళ్లెంలా పరుచుకుంటూ. టీవీ వాళ్లు క్యుములోనింబస్ అంటారే, అదే. అరగంటలో వచ్చి మీద పడుతుందని నాకు తెలుసు. దిబ్బ మీద అందరూ తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు నోరు పెగల్లేదు. చెప్పి, అది పక్కకు పోతే? నా రొయ్యలు కూడా ఎత్తలేదు. ఎత్తితే వాళ్లు చూస్తారు, చూస్తే అడుగుతారు. అలాగే గోనెపట్టా మీద కూర్చున్నాను. గాలి, దుమ్ము, ఆ వెంటనే వాన. ముప్ఫై మందివీ బురదలో కలిసిపోయాయి.

బాబ్జీ పెళ్లాం పద్మశ్రీ తడిసిన జుట్టుతో నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నీకు తెలుసు కదా వదినా?" అంది. నేను బురదలో రొయ్యలు ఏరసాగాను. "తెలిసీ కూర్చున్నావ్. ఒకసారి తెలీక పంపేవు. ఇప్పుడు తెలిసీ ఊరుకున్నావ్. ఏటి నీ కత?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ వారమే అత్తమ్మ మొక్కు ఉందని ఐనవిల్లి గుడికి తీసుకెళ్లాను. వచ్చేటప్పుడు దానం మాస్టారింటికి వెళ్లాం. రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయనకు అంతా చెప్పేశాను. అత్తమ్మ పక్కనే ఉంది. అయినా చెప్పేశాను. మాస్టారు చివరిదాకా విన్నారు. తర్వాత అన్నారు: "పొలుసు మబ్బు చాలా ఎత్తున ఉంటుందమ్మా. వాతావరణం మారబోతోందని చెబుతుందంతే. ఎన్ని గంటలకో చెప్పదు. నువ్వు రేపన్నావు. నేనున్నా అదే అందును. ఆ రోజు మీ ఆయన్ని ముంచింది ఆ మబ్బు కాదు. అల్పపీడనం దారి తప్పి ఇటు తిరిగితే, దాని ముందు దక్షిణం నుంచి సముద్రం మీద ఒక మబ్బు వరస వచ్చింది. ఒడ్డున నిలబడ్డవాళ్లకి అది కనపడేసరికి నెత్తిమీదుంటుంది. అందుకే కదా శాటిలైట్‌తో పైనుంచి ఫొటోలు తీసి ముందే కబురు పంపేది. నీ కన్ను దాని పని అది చేసింది దుర్గా. కబురు ఎప్పుడొచ్చిందో అది కనుక్కో."

నువ్వు తొమ్మిదికన్నావు కాబట్టి నేను అదే చెప్పాను. మాస్టారు "తొమ్మిదికా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. పది గంటల గాలికి తొమ్మిదికి కబురు పంపరే అన్నారు. ఒకసారి నీ ఫోన్‌లో చూసి సరిగ్గా ఎన్నింటికి వచ్చిందో రాయి. మాస్టారికి చెబుతాను. నా మనసూ తేలికవుతుంది.

నీ చెల్లి,
దుర్గ


సలాలా,
జూన్ 30.

దుర్గకు,

పని ఎక్కువై జవాబు ఆలస్యమైంది. ఇక్కడ వానాకాలం మొదలైంది. దీన్ని వాన అనాలో లేదో. మబ్బు కొండ మీది నుంచి జారి తోటలోకి వచ్చేస్తుంది. పది అడుగుల దూరంలో మనిషి కనపడడు. మన మాస్టారు దుప్పటి మబ్బు అనేవారే, అది. ఉరుము లేదు, మెరుపు లేదు, గాలి లేదు. సన్నటి తుంపర రోజంతా. బట్టలు ఆరవు. అరబ్బులు ఈ తుంపర చూడటానికి ఎక్కడెక్కడినుంచో కార్లేసుకొచ్చి, చాపలు పరుచుకుని తడుస్తూ కూర్చుంటారు. మొన్నటిదాకా ఎండిన కొండలు ఇప్పుడు మన లంకల్లా పచ్చబడ్డాయి. రాజోలు అతను ఫొటోలు తీస్తే పంపమంటాను.

నువ్వడిగిన సంగతి. తొమ్మిదికే వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచి నా ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆ ఫోన్ ఇప్పుడు నా దగ్గర లేదు, వచ్చేటప్పుడు అమ్మేశాను. దానం మాస్టారికి వయసైపోయింది. ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక. పోయినవాళ్లు ఎలాగూ తిరిగిరారు. గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నీ ఆరోగ్యమే పాడవుతుంది. ఇంక ఈ విషయం రాయకు.

సతీష్


గవ్వలపాలెం,
జులై 21.

సతీష్ అన్నయ్యకు,

రాయవద్దన్నావు. రాస్తున్నాను.

ముమ్మిడివరం సంతలో ఎండుచేపలు అమ్ముకుంటూ పాయ అవతలి పాలెం మనిషి శాంతి పక్కన కూర్చున్నాను. మాటల్లో నవంబరు గాలివాన వచ్చింది. "మాకు ముందురోజు సాయంత్రం ఏడింటికే మైకులో చెప్పేసేరు కదండీ. ఒక్క బోటూ కదల్లేదు. మీవాళ్లు ఎందుకెళ్లేరో అని మేం అనుకుంటూనే ఉన్నాం" అంది. తూచబోతున్న రొయ్యలు నా చేతిలోంచి జారిపోయాయి. ఆవిడే ఏరి ఇచ్చింది.

అప్పటికీ సరిపెట్టుకున్నాను. నీ ఫోన్‌లో సిగ్నల్ లేదన్నావు కదా. పాయకు అటు వచ్చి ఇటు రాకపోవచ్చు.

మొన్న ఆదివారం కుమారస్వామి బాబాయి కాకినాడ నుంచి ఇంటికొచ్చేశాడు. రెండు చేతికర్రల మీద నడుస్తున్నాడు. చూడటానికి వెళ్తే, అందర్నీ బయటికి పంపి నన్ను కూర్చోబెట్టాడు.

"అమ్మాయ్, నిన్ను ఒకటడగాలి. మీ అన్నయ్య నీకేం చెప్పేడు?" అన్నాడు.

తొమ్మిదికి కబురొచ్చిందని చెప్పాను.

"ఆయ్, నేనూ అదే అనుకుందును. కానీ ఆ పొద్దున బల్లకట్టు దగ్గర టీ కొట్లో మేం నలుగురం ఉన్నాం. మీ అన్నయ్య అక్కడే ఉన్నాడు. అంత పొద్దున్నే ఆడు లేవగా నేనెప్పుడూ చూళ్లేదు. మీ ఆయన వీర్రాజు ఆడికో టీ చెప్పి, 'ఏం బావా, మైకులో ఏం లేదు కదా?' అనడిగేడు. ఆడు టీ గ్లాసులోకి చూసి, 'ఏం లేదు బావా, వెళ్లిరా' అన్నాడు. కాకినాడలో ఎనిమిది నెలలు మంచాన పడుకుని అదే తలచుకున్నాను. ఏం లేనోడు ఆ చలిలో అక్కడెందుకు నిలబడ్డాడు? బోటు కదిలేదాకా ఒడ్డునే ఉన్నాడమ్మా. నేను చూసేను."

మీ బావ ఆ రోజు వెళ్లాల్సిన మనిషే కాదు. ఒకరికి జ్వరమొస్తే ఆ తెల్లవారే ప్రభాకరరావుగారు కబురంపారు. అది నీకూ తెలుసు.

నేను అడిగేది ఒకటే. కబురు ఎప్పుడొచ్చింది? ఇంత చిన్న ప్రశ్నకు నాలుగు నెలలుగా మబ్బుల కథలు రాస్తున్నావు. అబద్ధమే రాసేటట్టయితే జవాబు రాయకు. జవాబు రాకపోతే నాకు అర్థమవుతుంది.

దుర్గ


సలాలా,
ఆగస్టు 17.

దుర్గా,

ముందురోజు సాయంత్రం ఆరూ నలభైకి వచ్చింది. ఇది ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు.

వేటకు వెళ్లవద్దు, వెళ్లినవాళ్లు తిరిగి రావాలి, రేపు పొద్దుటినుంచి గాలి ఉంటుంది అని. పొద్దుటినుంచి అనే ఉంది. నేను మైకు గది తాళం తీశాను కూడా. ప్రభాకరరావు బండి వచ్చి ఆగింది. ఆయనకూ ఎవరో ఫోన్ చేసి చెప్పారట.

"ఒరేయ్ సతీషూ, కొత్త వలలన్నీ నీళ్లలోనే ఉన్నాయిరా. నువ్విప్పుడు అరిచేవంటే ఒక్కడూ బోటెక్కడు. గాలికి వలలన్నీ కొట్టుకుపోతాయి. తెల్లారగట్ల వెళ్లి లాక్కుని తొమ్మిదింటికల్లా వచ్చేస్తారు. తొమ్మిదింటికి చెప్పు. ఈ ఆఫీసోళ్లు ఎప్పుడూ ముందే భయపెడతారు, గాలి వచ్చేది మజ్జాన్నం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు, "మీ వీసా వచ్చేసిందండీ సతీష్‌గారూ. మా తమ్ముడు పంపేడు. ఎల్లుండి వచ్చి పట్టుకెళ్లండి" అన్నాడు. ఏనాడూ లేని 'అండీ' పెట్టాడు. రెండేళ్లుగా ఆ కాగితం కోసం ఆయన చుట్టూ తిరుగుతున్నానని నీకు తెలుసు. తాళం మళ్లీ వేసేశాను.

పొద్దున్నే టీ కొట్టు దగ్గరకు వెళ్లింది, మనసు ఒప్పక. వలలు తీసి తొందరగా వచ్చేయమని బాబ్జీకి చెబుదామని. అక్కడ బావ కనిపించాడు. బావ వస్తాడని నాకు తెలియదు, అమ్మ మీద ఒట్టు. నాకు టీ చెప్పాడు. అడిగాడు. అప్పుడైనా చెప్పొచ్చు. బావకు చెబితే నలుగురికీ చెప్పినట్టే. నలుగురికీ చెబితే రాత్రే ఎందుకు చెప్పలేదంటారు. ఇదంతా ఒక్క గుక్క టీ తాగేలోపల ఆలోచించాను. ఆలోచించి, ఏం లేదన్నాను.

ఒడ్డున నిలబడ్డ మాట నిజమే. వెనక్కి పిలుద్దామని రెండుసార్లు చెయ్యెత్తాను. బావ నేను వెళ్లిరమ్మంటున్నాననుకుని తనూ చెయ్యెత్తాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ మొదటి ఉత్తరంలో నువ్వు తప్పు నీమీద వేసుకున్నావు. అది చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఎవరూ నన్ను అడగరు, చెల్లెలే తీసేసుకుంది అనుకున్నాను. ఆ నమ్మకం గట్టిపడాలని మురమళ్ల కథ రాశాను. తడిసింది నిజం. కానీ ఆ రోజు పొలుసు మబ్బు లేదు. నల్లమబ్బు పట్టింది. నువ్వు "బళ్లోనే ఉందాం అన్నయ్యా, వానొస్తుంది" అన్నావు. నేనే రాదని నిన్ను లాక్కెళ్లాను. నాన్న నన్ను కొట్టింది అందుకు.

ఈ ఉత్తరం చించేసినా, ఎవరికైనా చూపించినా నీ ఇష్టం. క్షమించమని అడగడం లేదు. నన్ను ఏం చేయమంటావో చెప్పు. రమ్మంటే వస్తాను.

సతీష్


గవ్వలపాలెం,
సెప్టెంబరు 8.

సతీష్‌కు,

నీ ఉత్తరం చించలేదు.

మొదట అత్తమ్మకు చదివి వినిపించాను. ఆవిడకు కళ్లు సరిగా ఆనవు కదా, నా మొహానికి దగ్గరగా జరిగి విన్నది. లేచి, మీ బావ పడుకునే మంచం బయటికి లాగి, తన పక్కన వేసి, "ఇక్కడ పడుకో" అంది. పోయిన నవంబరు నుంచి నేను వంటింట్లో నేలమీద పడుకుంటున్నానని నీకు రాయలేదు.

తర్వాత పద్మశ్రీ ఇంటికి వెళ్లి చదివాను. కుమారస్వామి బాబాయి దగ్గర చదివాను. ముగ్గురం కలిసి పోలీసు స్టేషనుకు వెళ్లాం. దానం మాస్టారు ఐనవిల్లి నుంచి వచ్చి అర్జీ రాసిపెట్టారు. ప్రభాకరరావును పిలిపించారు. నవ్వుతూ వచ్చాడు. "ఉత్తరాలు ఎవరైనా రాయొచ్చండీ. రాసినోడేడీ? ఆణ్ణి తీసుకురండి, మాట్లాడదాం" అన్నాడు. ఎస్సైగారు కూడా, మనిషి వచ్చి వాంగ్మూలం ఇస్తే తప్ప కాగితం ఒక్కటీ నిలబడదన్నారు. ఏం చేయమంటావని అడిగావు. ఇదే. రా. వచ్చి, నాకు రాసినదంతా నీ నోటితో చెప్పు. స్టేషనులో చెప్పడానికి ముందు పద్మశ్రీ గుమ్మంలో చెప్పు. కుమారస్వామి బాబాయి మంచం దగ్గర చెప్పు. మా అత్తమ్మ ముందు నిలబడి చెప్పు.

నీకు అర్థమయ్యేలా ఒకటి రాయాలని ఉంది. మీ బావ చావు సంగతి వేరు. ఆశపడ్డావు, భయపడ్డావు, నోరు మూసుకున్నావు. ఎంత కోపమొచ్చినా అది నాకు అర్థమవుతుంది, నేను కూడా మే నెలలో నోరు మూసుకుని కూర్చున్నదాన్నే. కానీ నీ ఉత్తరం అందుకున్న మార్చి నుంచి నేను నా కళ్లను నమ్మలేదు. అన్నంలో రాయి ఉందో లేదో చూసుకోవడానికి కూడా ఇంకొకరిని పిలిచాను. నా చిన్నతనం నాకు తెలియదేమో, నేను ఎప్పటినుంచీ ఇలాంటిదాన్నేనేమో అనుకున్నాను. అక్కడెక్కడో కొబ్బరిచెట్ల కింద కూర్చుని, నాన్న నీకు వేసిన దెబ్బను తెచ్చి నా వీపు మీద పెట్టావు. మొగుణ్ణి చంపినదాన్నని నేను రాస్తే, అవునమ్మా, పొరపాటేలే అని ఓదార్చావు. సముద్రానికి వెళ్లినవాడితో ఒక్క అబద్ధమాడావు. ఒడ్డున మిగిలినదానితో ఎన్ని ఆడావో లెక్కపెట్టుకో.

విమానం ఎప్పుడో తెలియజేయి. స్టేషనుకు తెలపాలి.

వీర్రాజు భార్య,
వెంకటదుర్గ


సలాలా,
సెప్టెంబరు 29.

దుర్గకు,

మేనేజరుకు చెప్పేశాను. వాళ్ల అన్నయ్య పేరు చెప్పగానే గది ఖాళీ చేయమన్నాడు. రాజోలు అతను టిక్కెట్టు తీసిచ్చాడు. అక్టోబరు పదకొండున హైదరాబాదులో దిగి, పన్నెండు పొద్దుటికి వస్తాను. ముందు పద్మశ్రీ ఇంటికే వెళ్తాను. భయంగా ఉంది. అయినా వస్తున్నాను.

సతీష్


గవ్వలపాలెం,
అక్టోబరు 30.

సతీష్‌కు,
అమలాపురం.

కుమారస్వామి బాబాయి చేత నువ్వు పంపిన చీటీ అందింది. ఒక్కసారి ఇంటికి వచ్చి కనపడతానని రాశావు. జవాబు ఆయన చేతికే ఇస్తున్నాను.

పన్నెండున నువ్వు పద్మశ్రీ గుమ్మంలో నిలబడి చెబుతున్నప్పుడు నేను జనం వెనకాల ఉన్నాను. నువ్వు నన్ను వెతుకుతున్నావని తెలుసు. కావాలనే కనపడలేదు. పద్మశ్రీ ఇసుక తీసి నీ మొహాన కొట్టింది. నువ్వు తుడుచుకోలేదు, ఆపలేదు. మొత్తం చెప్పావు. మా అత్తమ్మ ముందు నీ గొంతు పోయింది. "చెప్పు బాబూ, వినపడట్లేదు" అని ఆవిడ అన్నప్పుడు మళ్లీ మొదటినుంచి చెప్పావు. స్టేషనులో సంతకం పెట్టావు. ప్రభాకరరావు మీద కేసు కట్టారు, నీ మీదా కట్టారు. బెయిలు మీద అమలాపురంలో గది తీసుకుని ఉన్నావని, వారం వారం సంతకానికి వెళ్తున్నావని బాబాయి చెప్పాడు. ఆయన నీ దగ్గరకు వచ్చి పోతున్నాడు, అది ఆయన మంచితనం. నేను వద్దనలేదు.

నిజం చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చావు. రాకపోయినా నిన్ను ఎవరూ ఏమీ చేయలేకపోయేవారు. అది నేను కాదనను. పాలెంలో ఎవరైనా నిన్ను పారిపోయినవాడంటే, కాదు వచ్చాడు అని చెబుతాను.

కానీ ఇంటికి రావద్దు. నువ్వు వస్తే నేను టీ పెట్టాలి. నువ్వు గ్లాసు పట్టుకుని కూర్చుంటే, ఏం మాట్లాడినా, ఇందులో ఏది కల్పించి చెబుతున్నాడో అని నేను వింటూ కూర్చోవాలి. అమ్మ గురించి, నాన్న గురించి, మన చిన్నప్పటి సంగతులు ఏవి చెప్పినా అంతే. అవి తెలిసినవాడివి లోకంలో నువ్వొక్కడివే. నువ్వు చెప్పినవి నేనిక నమ్మలేను. నాకు పోయింది అదీ.

నీకు అన్నయ్య ఉన్నాడా అని ఎవరైనా అడిగితే ఉన్నాడనే చెబుతాను. ఎక్కడ అంటే అమలాపురంలో అంటాను. అంతవరకే.

వెంకటదుర్గ